గుమ్మంలో పట్టని రోబో

ఆయనకి జోకు చెప్పేవాళ్ళు ముందుగా తమ ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. ఆయనకి నవ్వు అక్కడికక్కడ వచ్చేది కాదు. జోకు విన్నాక కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఆగు బాబూ, ఇంకా రాలేదు" అనేవారు. అంతటితో ఆ సంగతి వదిలేసి పప్పు వడ్డించుకునేవారు. చెప్పినవాడు నీరుగారిపోయేవాడు. మర్నాడో ఆ తర్వాతో, ఆ జోకు మనమే మరిచిపోయి ఆఫీసులో ఏ మీటింగులోనో కూర్చుని ఉండగా ఫోన్ మోగేది. "బాబూ, వచ్చింది" అని ఒక్క మాట, వెనకే పెద్ద నవ్వు, ఆ వెంటనే ఫోన్ పెట్టేసిన చప్పుడు. శనివారం భోజనాల దగ్గర చెప్పిన జోకుకి మంగళవారం మా మేనేజరు ముందు సంజాయిషీ ఇచ్చుకున్న సందర్భాలు నాకున్నాయి.

కిందటి నెల ఆయన పోయారు. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టినా నా తెలివితక్కువతనమే ముందుకొచ్చి నిలబడుతోంది. దాన్ని పక్కకి తప్పించి రాయడం నా వల్ల కాలేదు. కలిపే రాస్తున్నాను.

నేను ఆక్లండ్‌లో దిగిన కొత్తల్లో మనురేవా అనే పేటలో ఆయన ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. అంటే ఇతరులు చేసిన తప్పులు కనిపెట్టడం. ఆయన తెనాలి దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవారు. ఆయన భార్యకి, నేను పిలిచే ఆంటీకి, ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే అక్కడ విజిల్ మెడలోంచి తీసేసి ఆవిడ వెంట వచ్చేశారు. ఇక్కడ ఒక రెస్ట్ హోమ్‌లో పని. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మార్చడం. మనిషి బాగా పొడగరి కావడంతో ఆ పనికి అందరూ ఆయన్నే పిలిచేవారట.

ఆ పొడుగు వల్ల ఆయనకి రెండు అలవాట్లు పట్టుకున్నాయి. ఏ గుమ్మం వచ్చినా తల వంచేవారు. చిన్నప్పుడెప్పుడో గట్టిగా తగిలిన దెబ్బ ఫలితం. గుమ్మం ఎంత ఎత్తుదైనా మినహాయింపు లేదు. షాపింగ్ మాల్‌లో వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపుల కింద కూడా తల వంచే లోపలికెళ్ళేవారు. రెండోది, ఎక్కడ నలుగురు నిలబడినా ఎత్తు ప్రకారం సర్దడం. పుట్టినరోజు ఫోటోలైనా, చర్చిలో పాటలు పాడేవాళ్ళయినా, ఆయన చెయ్యి పడితే వరస కుదిరిపోయేది. నన్ను ప్రతి ఫోటోలోనూ పిల్లల వరసలో చేర్చారు. సంబంధాలకి పంపడానికి ఒక్క ఫోటో కూడా పనికిరాలేదని మా అమ్మ ఫోన్‌లో మొత్తుకుంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, గ్రేసీ. నేను వెళ్ళేనాటికి దానికి పదమూడేళ్ళు. పాలు తాగే వయసులో ఇక్కడికి వచ్చిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే, అదీ ముక్కుతో మాట్లాడే కివీ ఇంగ్లీషు. ఆ పైన స్కూల్లో జపనీస్ తీసుకుంది. ఇక్కడ చాలామంది పిల్లలు అదే తీసుకునేవారు. ఆయనకి ఆ సంగతి మింగుడు పడలేదు. "అమ్మా అన్నం పెట్టు అని తెలుగులో అడగదు గానీ, జపానులో మాత్రం అన్నం మీద వ్యాసం రాస్తదంట" అని నాతో అన్నారు.

గ్రేసీ దగ్గర ఒక పుస్తకం ఉండేది. దాని స్నేహితురాలి ఇంట్లో కొన్ని నెలలు ఉండి చదువుకున్న జపాన్ అమ్మాయి వెళ్ళిపోతూ ఇచ్చేసిన బొమ్మల పుస్తకం. అరచేతిలో పట్టేంత చిన్నది, ఇటుకంత మందం. పేజీకి నాలుగు గళ్ళు, నాలుగో గడిలో జోకు. స్కూలు నుంచి రాగానే ఆ పిల్ల గది తలుపేసుకుని అది చదువుతూ పడీపడీ నవ్వేది. ఆయన చేతిలో టీ కప్పుతో నడవాలో నిలబడి ఆ నవ్వు వినేవారు. టీ చల్లారిపోయేది.

ఒకరోజు ఆయన ఆ పుస్తకం నాకు తెచ్చి చూపించారు. నేను అట్ట చూసి నిర్ఘాంతపోయాను.

ఇక్కడ నా గతం కొంచెం చెప్పాలి. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండగా నాకు ఒక జపనీస్ రోబోల సీరియల్ పిచ్చి పట్టింది. ఎవరో కాపీ చేసి తెచ్చిన సీడీలు, అడుగున ఎవరో తోచినట్టు రాసిన ఇంగ్లీషు మాటలు. మేడంత రోబో, దాని గుండెలో కూర్చుని నడిపే కుర్రాడు, అంతరిక్షంలో ఎడతెగని యుద్ధం. మిగతావాళ్ళకి అది బొమ్మల సినిమా. నాకు తత్వశాస్త్రం. యుద్ధం ముగిశాక ఆ రోబో కుర్రాణ్ణి ఇంటికి చేర్చి, తాను లోపలికి పట్టక, గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూలబడే ఘట్టం ఒకటుంది. అది చూసి నేను రెండు రోజులు మెస్‌కి వెళ్ళలేదు. ఆ రెండు రోజులూ మెస్‌లో ఉప్మాయేనన్నది వేరే సంగతి.

గ్రేసీ పుస్తకం ఆ సీరియల్‌ని ఎగతాళి చేస్తూ జపాన్‌లోనే ఎవరో వేసింది. నా మహా రోబో అందులో పొట్టిగా, బుర్ర పెద్దగా, కుండకి కాళ్ళొచ్చినట్టు ఉన్నాడు. పెట్రోలు కోసం లైన్లో నిలబడతాడు. మోకాలు కిర్రుమంటే నూనె అడుక్కుంటాడు. సేనాపతి గంభీరమైన ఉపన్యాసం ఇస్తుంటే శత్రువులు పక్కన చాప పరుచుకుని టీ తాగుతారు. నా మనోభావాలు తీవ్రంగా గాయపడ్డాయి. ఈ సీరియల్ నాకు కంఠతా వచ్చు, అడగండి అంకుల్, అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. పాపం, ఆయనకి తెలియదు.

ఆదివారాలు వాళ్ళు చర్చికి వెళ్ళొచ్చాక పాఠాలు మొదలయ్యేవి. మా తెలుగువాళ్ళ చర్చికి సొంత కట్టడం లేదు. గ్రేసీ స్కూలు హాలునే ఆదివారం పూట అద్దెకి తీసుకునేవారు. నేను ప్రార్థనకి కాకుండా, ఆ తర్వాత పెట్టే బిరియానీకి మాత్రం వేళ తప్పకుండా హాజరయ్యేవాణ్ణి. తిన్నాక ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, గ్రేసీ లేని సమయం చూసి, ఆ పుస్తకంలో ఒక్కో పేజీకి అసలు సీరియల్లో మూలం ఏమిటో ఆయనకి వివరించేవాణ్ణి. గ్రహాల మధ్య తగువులు, సేనాపతి వంశం, రోబో భుజాల కొలతలు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా వినేవారు. ఆంటీ ఒకటి రెండుసార్లు విని, నైట్ డ్యూటీ ఇంతకంటే నయమని లేచి వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం గుమ్మం పేజీ వచ్చింది. గ్రేసీ అన్నిటికంటే ఎక్కువ నవ్వేది దానికే. మొదటి గడిలో రోబో యుద్ధం నుంచి ఇంటికొస్తాడు. రెండో గడిలో గుమ్మంలో ఇరుక్కుంటాడు. మూడో గడిలో చేసేది లేక అక్కడే బోర్లా పడుకుని, లోపల అందరూ అన్నం తింటుంటే ఒక చెయ్యి మాత్రం ఇంట్లోకి చాపుతాడు. నాలుగో గడిలో ఆ కుర్రాడి తల్లి ఆ చేతి మీద ఉతికిన బట్టలు ఆరేస్తుంది. అసలు సీరియల్లో ఇది ఎంత విషాద ఘట్టమో నేను గొంతు వణికిస్తూ చెప్పాను.

ఆయన చాలాసేపు ఆ పేజీ చూశారు. "మరి ఏడ్చే చోట ఇది నవ్వుతుందేందయ్యా?" అని అడిగారు. నేను పేరడీ అనే ప్రక్రియ మీద మరో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అది కాదు బాబూ. చిన్నప్పుడు నేను నోటితో విజిల్ వేస్తే చాలు, కిందపడి దొర్లేది. ఇప్పుడు తలుపేసుకుని నవ్వుకుంటది. నేనేమన్నా ఓకే డాడీ అంటది. దాని నవ్వు నాకు అందట్లేదు. ఒక్కసారి దాంతో కలిసి నవ్వితే చాలు నాకు."

అలాంటప్పుడు తెలివైనవాళ్ళు ఊరుకుంటారు. నేను తర్వాతి పేజీ తిప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంతకీ ఈ పుస్తకానికి నువ్వు కూడా నవ్వంగా చూళ్ళేదు. నీకూ రాలేదేమో" అన్నారు. ఇలాంటివి నవ్వడానికి కాదు, విశ్లేషించడానికని చెప్పాను.

నా పాఠాల ఫలితం ఆ వారంలోనే తేలింది. గ్రేసీ హాల్లో కూర్చుని ఆ పుస్తకం చదువుతుంటే ఆయన వెళ్ళి వెనక నిలబడి, నేను చెప్పింది గుర్తు చేసుకుని, బలవంతాన ఒక నవ్వు నవ్వారు. రెండో గడి దగ్గరే నవ్వేశారు. ఆ పిల్ల తల తిప్పి తండ్రిని చూసింది. కోపంగా చూసినా బాగుండేది. జాలిగా చూసి, "ఇట్స్ ఓకే డాడీ" అని పుస్తకం మూసి గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ సోఫా పక్కనే నిలబడిపోయారు. ఆ డ్రిల్లు మాస్టారి వీపు వంగడం నేను మొదటిసారి చూశాను. గుమ్మం కూడా లేదక్కడ.

కొన్నాళ్ళకి స్కూల్లో భాషల వేడుక వచ్చింది. జపనీస్ క్లాసు పిల్లలు ఒక చిన్న నాటకం వేయాలి. గుమ్మం పేజీని నాటకంగా వేద్దామని గ్రేసీయే అన్నదట. రోబో వేషానికి పొడుగు మనిషి కావాలి. భోజనాల దగ్గర ఆ మాట ఇంగ్లీషులో సగం చెప్పిందో లేదో, ఆయన నేను వస్తానన్నారు. రెస్ట్ హోమ్‌లో డ్యూటీ మార్పించుకున్నారు. వేషం తయారీ నా చేతికి వచ్చింది. సీరియల్ కంఠతా వచ్చినవాణ్ణి కదా.

గరాజ్‌లో పని మొదలుపెట్టాను. వీధి మూల మీద డెయిరీ, అంటే ఇక్కడి మాటలో చిల్లర కొట్టు, నడిపే గుజరాతీ ఆయన దగ్గర చిప్స్ అట్టపెట్టెలన్నీ తెచ్చాను. వెండిరంగు డబ్బాలు కొన్నాను. పుస్తకంలో రోబోకి భుజాలు చిన్నవే ఉంటాయని గ్రేసీ అన్నది. పుస్తకం తప్పని నేను చెప్పాను. అసలు రోబో భుజాలు దాని ఎత్తులో సగం వెడల్పు. అలా ఉంటేనే గాంభీర్యం. పదమూడేళ్ళ పిల్లతో వాదించి గెలిచాను. ఆయన చేతులు రెండు పక్కలా చాపి, కదలకుండా, గంటల తరబడి నిలబడ్డారు. నేను పెట్టె మీద పెట్టె పేర్చి, మంచి గట్టి టేపు వరసలు వరసలుగా చుట్టాను. "ఊడదు కదా బాబూ" అని అడిగారు. భూకంపం వచ్చినా ఊడదన్నాను. జీవితంలో నేనిచ్చిన హామీల్లో పూర్తిగా నిలబడింది అదొక్కటే.

వేడుక నాడు గరాజ్ షట్టరు పూర్తిగా ఎత్తాం. కారు పట్టే తలుపు కాబట్టి రోబో దర్జాగా బయటికి నడిచొచ్చాడు. చర్చిలో ఒకాయన దగ్గర కారు వెనక తగిలించే ట్రైలర్ అడిగి తెచ్చి, దాని మీద నిలబెట్టి, స్కూలు రెండు వీధుల అవతలే కాబట్టి నడకంత వేగంతో తీసుకెళ్ళాం. దారిలో పిల్లలు చేతులూపారు. నాకు గర్వంగా ఉంది.

స్కూలు హాలుకి రెండు రెక్కల తలుపు. ఎప్పుడూ ఒక రెక్కే తీసి ఉంటుంది. రెండోదానికి కింద గొళ్ళెం, గొళ్ళానికి తాళం, తాళంచెవి వాచ్‌మన్ లాంటి ఆయన దగ్గర. ఆదివారం ఆదివారం బిరియానీకి ఆ తలుపులోంచే వెళ్ళే నాకు ఈ సంగతి తెలియాలి. ఆఫీసులో అందరి తప్పులూ కనిపెట్టే ఉద్యోగం నాది. ఆయన అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర తల వంచారు. తల లోపలికి వెళ్ళింది. భుజాలు వెళ్ళలేదు.

లోపల హాలు నిండా జనం. స్టేజీ మీద గ్రేసీ కుర్రాడి వేషంలో ఎదురుచూస్తోంది. తాళంచెవి ఉన్న మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నేను వెనక నుంచి నెట్టాను. పక్కకి తిరగమన్నాను. తిరిగితే ముందుభాగం పట్టలేదు, అది కూడా అసలు కొలతల్లోనే కట్టాను. టేపు పీకబోయాను. ఊడలేదు.

అట్టపెట్టెల లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది. "బాబూ, ఇరుక్కుంటే తర్వాత గడిలో ఏం చేస్తాడు?"

బోర్లా పడుకుంటాడన్నాను, ఆలోచించకుండానే. ఆయన మోకాళ్ళ మీదకి దిగి, మెల్లగా గుమ్మానికి అడ్డంగా పడుకుని, వెండిరంగు చెయ్యి ఒకటి హాల్లోకి చాపి అలాగే ఉంచారు. గ్రేసీ స్టేజీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. తన స్కూలు జెర్సీ విప్పి, రెండుసార్లు దులిపి, తండ్రి చేతి మీద ఆరేసింది.

హాలు మొత్తం విరగబడి నవ్వింది. టీచర్లు, సమోవన్ తాతలు, తలపాగా పెట్టుకున్న సర్దార్జీలు, అందరూ. గ్రేసీ నేల మీద కూలబడి, కదలద్దని తండ్రి చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. గుమ్మానికి ఇవతల నేనొక్కణ్ణే నవ్వకుండా నేను కట్టిన భుజాలు నలిగిపోతున్నాయని చూసుకుంటున్నాను. ఆయన తల కొంచెం నా వైపు తిప్పి, అందరూ ఎందుకు నవ్వుతున్నారు బాబూ అని అడిగారు. అన్ని ఆదివారాలు పాఠం చెప్పిన నేను మళ్ళీ టేపు పీకడం మొదలుపెట్టాను.

అది శుక్రవారం. ఆదివారం వాళ్ళ వెంట ఆ ఒక్కసారి నేనూ ప్రార్థన వేళకే చర్చికి వెళ్ళాను. ఆయన అదే గుమ్మం దగ్గరికి వచ్చి తల వంచారు. వంచినవారు వంచినట్టే ఆగిపోయారు. కింద గొళ్ళెం వైపు చూశారు. భుజాలు కదలడం మొదలైంది. లోపల పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేశారు. ఈయన గుమ్మానికి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆగక నవ్వుతున్నారు. పక్కనే ఉన్న గ్రేసీ మా వైపు తిరిగి, "డాడీకి వచ్చింది" అన్నది. తెలుగులోనే అన్నది. ఆ వెంటనే దానికి కూడా మళ్ళీ వచ్చింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఆ గుమ్మంలో నవ్వుతుంటే, లోపలికి వెళ్ళాల్సినవాళ్ళందరూ బయటే ఆగిపోయారు. ఎవరికీ కోపం రాలేదు. ఆయన ముఖం ఆ రోజు చూసినవాళ్ళకి ఎందుకు రాలేదో తెలుస్తుంది.

ఆ తర్వాత నాకు పెళ్ళయింది. సంబంధం ఫోటో చూడకుండానే కుదిరింది. ఫ్లాట్ బుష్‌లో ఇల్లు కొనుక్కున్నాం. జోకులు తగ్గాయి గానీ ఫోన్లు ఆగలేదు. గ్రేసీ యూనివర్సిటీకి వెళ్ళాక దాని జోకులకి వచ్చిన నవ్వు కూడా ఆయన ఫోన్‌లో వినేవాణ్ణి. ఆ పిల్ల ఎప్పుడో చెప్పిన జోకు ఆయనకి వచ్చినప్పుడు మొదటి ఫోన్ దానికి, రెండోది నాకు. నాకు ఆ జోకు తెలియదని ఆయనకి పట్టేది కాదు.

గుండెపోటుతో ఇంట్లోనే పోయారు. ప్రార్థన అదే స్కూలు హాల్లో. శవపెట్టెని చక్రాల బండి మీద లోపలికి తెచ్చారు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. అంతా అయ్యాక చేతుల మీద మోసుకెళ్దామన్నారు. ఒక పక్క రెస్ట్ హోమ్‌లో ఆయనతో పనిచేసిన సమోవన్ కుర్రాళ్ళు, మరో పక్క నేనూ ఇద్దరు చర్చి వాళ్ళూ. ఆయన ఉంటే మమ్మల్ని ఎత్తు ప్రకారం సర్దేవారు. లేరు కాబట్టి అడ్డదిడ్డంగా నిలబడ్డాం. పెట్టె ఒక వైపు వాలింది. అలాగే నడిచి గుమ్మం దాకా వచ్చాం.

పెట్టె పడుతుంది. పెట్టెకి రెండు పక్కలా మనుషులతో పట్టదు. ఒక రెక్కే తీసి ఉంది. కింద గొళ్ళెం. నేను దాని వైపు చూసి చచ్చిపోదామనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత, అదే మనిషితో, అదే గుమ్మంలో, మళ్ళీ నేనే. తాళంచెవి కోసం ఎవరో పరిగెత్తారు. మేము కదలకుండా నిలబడ్డాం. హాల్లో ఏడుపులు కూడా ఆగాయి.

ఆంటీ పక్కన నడుస్తున్న గ్రేసీ ముందుకొచ్చింది. పెట్టెని చూసింది, గుమ్మాన్ని చూసింది, నన్ను చూసింది. తన నల్ల స్వెటర్ విప్పి, రెండుసార్లు దులిపి, తండ్రి పెట్టె మీద ఆరేసింది. అక్కడే నిలబడి ఏడుస్తూనే నవ్వింది. ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడకి కూడా అది నవ్వే. మిగతావాళ్ళు పిల్లకి మతి చలించిందనుకున్నారు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. చేతులు ఖాళీ లేక ముఖం కూడా తుడుచుకోలేకపోయాను.

అది శనివారం. మంగళవారం పొద్దున ఆఫీసుకి డ్రైవ్ చేస్తున్నాను. మోటార్‌వే ఎక్కేముందు ఒక ఇంటి పెరట్లో బట్టలారేసే ఇనప స్టాండు కనపడింది. దాని చేతికి ఒక్కటే స్కూలు జెర్సీ వేలాడుతోంది. ముందు మామూలుగానే దాటి వెళ్ళాను. ఆ తర్వాత ఆ నాలుగో గడి కళ్ళ ముందుకొచ్చింది. అన్ని లోకాలూ కాపాడి వచ్చినవాడి చేతి మీద ఇంట్లోవాళ్ళు తడిబట్టలు ఆరేస్తారు, వాడు హాయిగా పడుకుని ఉంటాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. కారు పక్కకి తీసి ఆపేశాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, ఒక్కణ్ణే, పక్కన వెళ్ళేవాళ్ళు చూస్తున్నా ఆగకుండా నవ్వాను. ఆ పుస్తకానికి నేను నవ్వడం అదే మొదలు. ఎవరికి చెప్పాలో చేతికి తెలుసు గానీ ఆ నంబరుకి చేస్తే ఇక ఎవరూ ఎత్తరు.

గ్రేసీకి ఫోన్ చేశాను.

"అమ్మా, వచ్చింది" అన్నాను.

అటు వైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, ఒక్కో మాటా వెతుక్కుంటూ, అచ్చం వాళ్ళ నాన్న యాసలో అన్నది.

"డాడీ కంటే నువ్వే లేటయ్యా అంకుల్."